దేహకాలము – దేశకాలము

మానవుని ఆచారము అతని మెలకువకు మాత్రమే సంబంధించినదా? లేక అతడు అలసి, సొలసి, తన్ను తాను మరచిన వేళ గూడ వెన్నంటి యుండవలసినదా? ఈ ప్రశ్న వినుటకు చిన్నదిగా కనిపించును. కంటినిండ నిద్రించి, స్నానము చేసి, విభూతి ధరించి, లింగార్చనకు కూర్చున్నవానికి ఇట్టి సందేహము కలుగదు. నాకును చాల కాలము కలుగలేదు. ఇటీవల ఒక జ్యేష్ఠమాసమున, మా అమ్మాయిని చూచుటకై లండను నగరమునకు పోయిన సందర్భమున, ఆ ప్రయాణపు బడలికలోనే ఈ ప్రశ్న నాకు ఎదురైనది. స్వవిషయము వ్రాయుట నాకు అలవాటు కాదు. అయినను ఇందులో బయటపడినది నా ఒక్కని లోపము కాదనియు, మన ఇండ్లలో పెక్కింటికి సంబంధించినదనియు తోచుటచే శరణ బంధువుల ముందుంచుచున్నాను.

మా ఊరినుండి మధ్యాహ్నము బస్సెక్కి శంషాబాదు చేరి, రాత్రి విమానమెక్కి, నడుమ ఎడారిదేశపు విమానాశ్రయమొకదానిలో చాలసేపు కాచియుండి, మరునాటి సాయంకాలము 7 గంటలకు లండనులో దిగితిని. అప్పటికి ఇల్లు విడిచి 30 గంటలు దాటినది. అచట సూర్యుడింకను ఆకాశములో ఎత్తుగానే యుండెను. జూన్ మాసమున ఆ నగరమున సూర్యాస్తమయము రాత్రి 9 గంటల 20 నిమిషముల ప్రాంతమున గాని కాదు. మరల ఉదయము 5 గంటలు కాకమునుపే సూర్యోదయము. వేసవిలో వారి గడియారము మన గడియారముకంటె నాలుగున్నర గంటలు వెనుక నడచును. కనుక విమానము దిగినప్పుడు కన్నులకు సాయంకాలము, ఒంటికి అర్ధరాత్రి. ఎండ కాయుచుండగా కాళ్ళు తడబడుట, ఎదుటి మనుష్యుని మాట చెవికి చేరియు మనస్సునకు చేరకుండుట, ఆకలియో వికారమో తెలియకుండుట – ఇవి ఆనాటి నా స్థితి.

దీనిని ఇప్పుడు మన పిల్లలందరును జెట్ లాగ్ అను పేరుతోనే పిలుచుచున్నారు. ఇది ఉత్త అలసట కాదు. మన మెదడులో, రెండు కంటి నరములు కలిసికొను తావునకు సరిగా పైన, సుమారు 20 వేల జీవకణములుగల చిన్న ముద్ద యొకటి కలదు. అది బియ్యపుగింజను మించదు. దేహములోని రాత్రింబవళ్ళను నడపు గడియారము అదియే. కంటిలో పడిన వెలుతురునుబట్టి అది తన్ను తాను సరిచేసికొనును. కాలేయమునకు, ప్రేవులకు గూడ ఎవరి గడియారములు వారికి కలవు. ఎద్దుబండిపై పోయినవానికి, ఓడపై పోయినవానికి ఈ బాధ లేకుండెను. ప్రయాణము మెల్లగా సాగుటచే దేహము దారిలోనే సరిపడుచుండెను. విమానము వచ్చిన తరువాత మనుష్యుడు ముందు చేరుచున్నాడు, అతని కాలము వెనుక నడచి వచ్చుచున్నది. గంట తేడాకు సుమారొక దినము చొప్పున అది మెల్లమెల్లగా సర్దుకొనును. పడమటకు పోయినప్పుడు కొంత సులభము. తూర్పునకు మరలినప్పుడు మరింత కష్టము. మన లోపలి దినము 24 గంటలకంటె కొంచెము దీర్ఘమైనదగుటయే దీనికి కారణమని పరిశోధకులు చెప్పుదురు.

ఈ లోపలి గడియారమును గూర్చిన తొలి సూచన ఒక చిన్న మొక్కనుండి లభించినది. 1729లో ద మెరాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి మొక్కను చీకటిలో ఉంచి చూచెను. వెలుతురు సోకకపోయినను ఆ మొక్క పగటివేళ ఆకులను విప్పి, రాత్రివేళ ముడుచుకొనుచునే యుండెను. బయట సూర్యుడు లేకున్నను దానిలో ఒక సూర్యుడు కలడు. అట్టి లోపలి గడియారము జీవకణములలో ఎట్లు పనిచేయునో ఈగలయందు పరిశోధించి కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెలు బహుమానము లభించినది. నేను చెప్పబోవు విషయమునకు ఈ అత్తిపత్తి మొక్క మరల అవసరమగును. పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

ముందుగా చిన్న సందేహమొకటి తీర్చవలెను. విదేశములకు పోవు మన యువకులు, "లింగపూజ ఏ కాలమున చేయవలెను? మన ఊరి ప్రాతఃకాలముననా, ఆ ఊరి ప్రాతఃకాలముననా?" అని పెద్దలను అడుగుచున్నారు. గడియారపు కాలము మనుష్యులు ఏర్పరచుకొన్నది. 1884లో వాషింగ్టనులో జరిగిన మహాసభ గ్రీనిచ్ మీది రేఖను ప్రపంచమునకంతటికిని మొదటి రేఖగా నిర్ణయించినది. మన దేశమునకంతటికి ఒకే కాలము 1906లో ఏర్పడినది. అయినను బొంబాయివారు తమ సొంత కాలమును 1955 వరకు విడువలేదు. మన కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖ మన తెలుగునేలపై కాకినాడ సమీపమున పోవుచున్నది. ఇట్టి ఏర్పాటులపై లింగార్చన ఆధారపడియుండదు. దేవాలయమొక చోట స్థిరముగా నుండును. దానికి ఆ చోటి ప్రొద్దే ప్రొద్దు. ఇష్టలింగమట్లు కాదు. అది భక్తుని వక్షమున నుండి అతడు పోవుచోటికెల్ల పోవును. కనుక పాదములు నిలిచిన నేలపై ఏ సూర్యుడు ఉదయించునో ఆ సూర్యుడే ప్రమాణము. దేహము దానికి అలవడువరకు, కునికిపాట్లు పడుచు లింగమును కరమున ధరించుటకంటె, పంచాక్షరిని స్మరించి, విశ్రమించి, తెలివి కలిగిన పిమ్మట అర్చించుట మేలని నా నమ్మకము. ఈ మాట నేను అనుభవముమీద చెప్పుచున్నాను. ఆ అనుభవమెట్టిదో వినుడు.

మా అమ్మాయి అచటి ఆసుపత్రిలో నర్సు. విమానము ఆలస్యమగుటచే ఆమె రాత్రి డ్యూటీకి పోవలసివచ్చినది. దారి వివరములను ముందే ఒక కాగితముపై వ్రాయించుకొంటిని. ఆ నగరమున నేలక్రింద నడచు రైలు 1863లోనే మొదలైనది. ప్రపంచమున అట్టివానిలో అదియే మొదటిది. విమానాశ్రయమునుండి ఆ రైలెక్కి, పెట్టెను కాళ్ళ నడుమ పెట్టుకొని కూర్చుంటిని. దిగవలసిన స్టేషను పేరును మనస్సులో వల్లించుకొనుచునే నిద్రపోతిని.

ఎవరో భుజము తట్టిరి. కన్నులు తెరచితిని. పెట్టెలో నేను తప్ప ప్రయాణికులెవ్వరును లేరు. ఎదుట నొకడు నిలిచియుండెను. ఒక చేత చీపురు, మరియొక చేత చెత్త నింపు సంచి. నా వయస్సువాడే, నల్లజాతివాడు. నేనెక్కడ నుంటినో నాకు తెలియలేదు. ఏ దేశమో, ఏ వేళయో, ఎదుటివాడెవ్వడో తోచలేదు. నా కుడిచేయి తానుగా రొమ్ముమీది లింగకాయను గట్టిగా పట్టుకొన్నది. నా నోటినుండి తెలుగున ఒక మాట వెలువడినది: "ముట్టవద్దు!"

అతనికి ఆ మాట అర్థము కాలేదు. భయపడితినని మాత్రము గ్రహించి, రెండడుగులు వెనుకకు వేసి, నెమ్మదిగా ఆంగ్లమున, "ఏమీ భయము లేదయ్యా. ఇది చివరి స్టేషను. మీరెక్కడికి పోవలెను?" అనెను. నేను కాగితము చూపితిని. నా పెదవులు ఎండియుండుట చూచి, తన సంచినుండి ఒక నీళ్ళ సీసా తీసి అందించెను. నేను చేయి చాపలేదు, తల త్రిప్పితిని. అతడు సీసాను ఊరకే లోపల పెట్టుకొని, నా పెట్టెను తానే మోసి, వంతెన దాటించి, అవతలి వేదికపై నుంచెను. ఎన్ని స్టేషనులు లెక్కింపవలెనో వ్రేళ్ళపై చూపెను: ఒక అరచేయి, మరి రెండు వ్రేళ్ళు. రైలు వచ్చినది. నేనెక్కితిని. అతని పేరడుగలేదు. కృతజ్ఞత చెప్పలేదు. తలుపులు మూసికొనునప్పుడు అతడు మరల ఏడు వ్రేళ్ళు చూపుచుండెను.

ఇల్లు చేరునప్పటికి రాత్రి 11 గంటలు. అమ్మాయితో కలిసియుండు స్నేహితురాలు తలుపు తెరచెను. స్నానము చేసి, ఎంత ఆలస్యమైనను నాటి పూజ తప్పరాదని లింగమును వామకరతలమున ధరించి కూర్చుంటిని. జపము మొదలిడిన కొన్ని నిమిషములకే నిద్ర నన్ను కబళించినది. ఎంతసేపైనదో తెలియదు. ఉలికిపడి లేచితిని. గుండె ఆగినట్లయినది. లింగమెక్కడ? చూడగా నా అరచేతిలోనే యున్నది. వ్రేళ్ళు దానిచుట్టు ముడుచుకొని, క్రింద రెండవ చేయి ఆనుకొని, ఉన్నది ఉన్నట్లే యుండెను. మనస్సు నిద్రించినను చేయి నిద్రింపలేదు.

కన్నులనుండి నీరు కారెను. మొదట అది సంతోషముచేత. బాల్యమున గురువు కరుణించిన నాటినుండి దినదినము చేసిన అభ్యాసము నన్ను విడువలేదు కదా యనుకొంటిని. ఆ వెంటనే రైలుపెట్టెలోని మాట జ్ఞప్తికి వచ్చినది. అప్పుడును నిద్రమత్తే, ఇప్పుడును నిద్రమత్తే. అప్పుడును మనస్సు లేదు, ఇప్పుడును లేదు. ఒకచోట చేయి లింగమును కాపాడెను. మరియొకచోట నోరు మనుష్యుని నెట్టివేసెను. రెండును నావే.

మరునాటి ఉదయము అమ్మాయి డ్యూటీనుండి వచ్చి, తన అలసటను దాచుకొని నాకు రొట్టె చేసి పెట్టెను. జరిగినది చెప్పితిని. నీళ్ళ సంగతి చెప్పుటకు నోరాడలేదు, అయినను చెప్పితిని. ఆమె కొంతసేపు మిన్నకుండి, "నిద్రమత్తులో అన్నమాట నాన్నా, దానికంత బాధపడవద్దు" అనెను. మరల తానే, "కాని మాకు పనిలో నేర్పునది వేరు. రాత్రి మూడు గంటలకు మా బుద్ధి పనిచేయదని వారికి తెలియును. అందుకే మందిచ్చుటకు ముందు రోగిని పేరడుగుట, చేతులు కడుగుకొనుట – ఇవి ఆలోచింపకయే జరుగువరకు చేయింతురు. తెలివి ఉన్నప్పుడు చేయుటకు కాదు నాన్నా, తెలివి లేనప్పుడు తప్పకుండుటకు" అనెను.

పంతులుద్యోగము చేయు తండ్రికి కూతురు చెప్పిన పాఠమది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. అలసినవాడు చేసినది అతని దోషమగునా? కాదనువారి వాదము తేలికైనది కాదు. దేహము మీరిన బాధకు లోనైనప్పుడు మనస్సు స్వాధీనము తప్పును. జ్వరములో పలవరించినవానిని ఎవరును దండింపరు. దేహమును దేవాలయముగా భావింపుమన్న బసవేశ్వరుడు దానిని అనాదరింపుమనలేదు. ఆకలిగొన్నవాడు, నిద్రలేనివాడు కఠినముగా మాటాడినచో సహించుట ధర్మమే. ఇంతవరకు నేనును ఒప్పుకొందును. ఒరులను గూర్చి తీర్పు చెప్పునప్పుడు ఈ వాదమునే వాడవలెను. మన హైదరాబాదు నగరమున ఎందరో యువతీయువకులు అమెరికావారి పగటికి సరిపడునట్లు రాత్రులు మేల్కొని పనిచేయుచున్నారు. విమానమెక్కకయే ఈ బడలికను ఏండ్ల తరబడి అనుభవించుచున్నారు. అట్టివారు ఉదయమున ఆలస్యముగా లేచినచో, పూజ తప్పినదని గద్దించుటకు ముందు పెద్దలు వారి దేహకాలము ఎట్లున్నదో విచారింపవలెను.

కాని తన్ను గూర్చి విచారించుకొనునప్పుడు ఇంతటితో ఆగరాదు. పలవరించిన రోగిని వైద్యుడు దండింపడు. అయినను ఆ పలవరింతను చెవియొగ్గి వినును. లోపలి వ్యాధి దానివలన తెలియును గనుక. అలసట నా నోటిలో కొత్తగా ఒక మాటను పుట్టింపలేదు. ఉన్నదానిమీది కప్పును తొలగించెను, అంతియే. మేల్కొని యున్నప్పుడు నేను ఆ మాటను ఎన్నడును ఎవరితోను అని యెరుగను. బసవజయంతి సభలలో కాయకమునుగూర్చి, దాసోహమునుగూర్చి, సర్వసమత్వమునుగూర్చి పెక్కుమారులు ఉపన్యసించితిని. మరి అది ఎక్కడిది? అక్షరములు నేర్వకమునుపు మా వాకిట విన్నది. వీధి ఊడ్చు మనిషి గడప దగ్గరకు వచ్చినప్పుడెల్ల ఇంటి పెద్దలు అన్న మాట అది. నేను నేర్చిన చదువంతయు దానిపైన పరచినది. ముప్పది గంటల నిద్రలేమి పైచదువును ఊడ్చివేయగా అడుగున నున్నది బయటపడినది.

ఈ స్థితి విమానము దిగినవాని స్థితివంటిదే గదా! అతని పాదములు కొత్త నగరమున నున్నవి. అతని దేహము మాత్రము విడిచివచ్చిన ఊరి కాలమునే చూపుచున్నది. మనమును అట్లే కల్యాణపట్టణమునకు చేరినవారము. 12వ శతాబ్దిలో అనుభవమంటపమున చెప్పులు కుట్టు హరళయ్య, చాకిరేవు మడివాలు మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, శరణుల ముంగిళ్ళూడ్చుటయే కాయకముగా గల సత్యక్క సమానాసనమున కూర్చుండిరి. మధువరసయ్య కుమార్తెకును హరళయ్య కుమారునకును జరిగిన వివాహమునకై శరణులు ప్రాణములొడ్డిరి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జానుతెనుగున రచించి ఆ భక్తుల చరితలను మన ఇంటింటికి తెచ్చెను. మనము వారి పేర్లను పిల్లలకు పెట్టుకొంటిమి, వారి కథలను చెప్పుకొంటిమి. నగరము మారినది, లోపలి గడియారము మారలేదు. అది ఇంకను కల్యాణమునకు పూర్వపు ఊరి కాలమునే చూపుచున్నది. మెలకువగా నున్నంతసేపు తప్పు కనబడదు. అలసినప్పుడు, భయపడినప్పుడు, పిల్ల పెండ్లి మాట వచ్చినప్పుడు ఆ గడియారమే గంట కొట్టును.

ఇంకొక సంగతి. దూరదేశములనుండి కల్యాణమునకు వచ్చిన శరణులను గూర్చి మన సంప్రదాయము ఆదరముతో చెప్పుచున్నది. మోళిగె మారయ్య కాశ్మీరమునుండి వచ్చి కట్టెలమ్మి జీవించెను. మరుళశంకరదేవుడు ఎక్కడినుండియో వచ్చి, ఎవరికిని తెలియకుండ, బసవని మహామనెలో ప్రసాదము దొరకు తావున ఏండ్లకొలది సేవచేసెను. అల్లమప్రభువు వచ్చి చూపువరకు అతని మహిమను ఎవరును గుర్తింపలేదు. గుర్తించిననాడు బసవేశ్వరుడు పరితపించెనని చెప్పుదురు. కొత్తవానిని గుర్తింపలేకపోవుట కల్యాణములోనే సంభవించినప్పుడు మన సంగతి చెప్పనేల? కాని ఆ రాత్రి రైలులో కొత్తవాడను నేను. నన్నొకడు క్షణములో గుర్తించెను. ఎవరివాడని అడుగలేదు, దాహమును చూచెను, దారిని చూపెను. పరాయివానిని మనవానిగా భావింపుమని బసవేశ్వరుడు బోధించిన ధర్మమును, ఆ పేరు వినియుండని వాడు ఆచరించెను. ఆ ధర్మమును వల్లించినవాడు తల త్రిప్పెను.

నాలుగైదు దినములకు నా నిద్ర దారికి వచ్చినది. ఆదివారమున అమ్మాయి నన్ను థేమ్సు నది ఒడ్డునకు తీసికొనిపోయెను. ల్యాంబెత్ ప్రాంతమున, ఆల్బర్ట్ ఎంబాంక్‌మెంట్ అను తీరమార్గమున బసవేశ్వరుని ప్రతిమ కలదు. దానిని 2015 నవంబరు 14న భారత ప్రధాని శ్రీ నరేంద్ర మోదీ ఆవిష్కరించిరి. నదికి ఆవలి ఒడ్డున ఆ దేశపు పార్లమెంటు భవనములు కనిపించును. ప్రజల సభ ఒక వైపున, అనుభవమంటపమున సభ నడపినవాడు ఒక వైపున. ఆ దృశ్యమును చూచినచో ఏ శరణునకైనను గర్వము కలుగును. నాకు మాత్రము తల ఎత్తి చూచుటకు సిగ్గు కలిగినది. అచటి కాలిబాటను ఒక స్త్రీ ఊడ్చుచుండెను. ఆమెకు నమస్కరించి పేరడిగితిని. ఆమె ఆశ్చర్యపడి, నవ్వి, చెప్పెను. రైలులోని మనుష్యునికి చేయవలసినది ఆమెకు చేయుటవలన తీరదని నేనెరుగుదును. ఆ చివరి స్టేషనునకు రెండు సాయంకాలములు పోయి చూచితిని, అతడు కనబడలేదు. కొన్ని ఋణములు అప్పిచ్చినవానికి తీర్చు వీలుండదు; అట్టివానిని జంగమమునకే చెల్లింపవలెను.

లోపలి గడియారము సరియగుటకు మార్గమేమి? శాస్త్రజ్ఞుల మాటయే ఇచట ఉపకరించును. బలవంతముగా ఒక్క రాత్రిలో అది మారదు. ఉపన్యాసము వినదు. ప్రతిదినము, తగిన వేళ, వెలుతురులో నిలువవలెను. అప్పుడు గంట గంటగా కదలును. నా చేయి నిద్రలోను లింగమును విడువకుండుటకు కారణము ఉపన్యాసములు కావు. నలుబది యేండ్లకు పైగా దినదినము పట్టుట. చీకటిలో ఉంచినను ఆకులు విప్పు అత్తిపత్తివలె, మనస్సు మూసికొన్నను ఆ అభ్యాసము తెరచియే యుండెను. లింగమును ఇట్లభ్యసించిన నేను జంగమమును ఎన్నడైన అభ్యసించితినా? లింగపూజ చేతికి నేర్పితిని. జంగమపూజ నోటికి మాత్రమే నేర్పితిని. చేతికి నేర్పినది చేయి నిలబెట్టుకొన్నది. నోటికి నేర్పినది నోరే విడిచిపెట్టినది. అభ్యాసము నిష్ఫలమని దీనివలన అనుకొనరాదు. చేసినంతమేర అది ఫలించినది, చేయనిచోట ఫలింపలేదు.

కావున నాకు తోచిన సమాధానమిది. అలసటలో చేసిన తప్పునకు మనుష్యుడు దండనీయుడు కాకపోవచ్చును; కాని దానిని తెలిసికొన్న పిమ్మట ఊరకుండినచో తప్పక దోషి యగును. ఆచారమనగా మెలకువలో మనకు నచ్చిన అభిప్రాయము కాదు. మెలకువ పోయినను మిగులునదియే ఆచారము.

ఇంటికి మరలిన తరువాతి సంగతి చెప్పి ముగించెదను. తూర్పు ప్రయాణము కదా, వారము దినములు రాత్రి 2 గంటలవరకు కునుకు పట్టలేదు. అట్లొక రాత్రి పెరటిలో తిరుగుచు, గోడగూటిలో ఒక స్టీలు గ్లాసు చూచితిని. మా వీధి ఊడ్చు అమ్మకు నీళ్ళిచ్చు గ్లాసది. ఏండ్లనుండి అచటనే యున్నది. దినమును పగటివేళ దానిప్రక్కనే నడచియు నేను చూడలేదు; నిద్రలేని రాత్రి చూచితిని. లోపలికి తెచ్చి, కడిగి, మా గ్లాసులతో కలిపి పెట్టితిని. తెల్లవారి మా ఇల్లాలు చూచి, "ఎందుకండీ, ఆమెకు దానిలోనే అలవాటు గదా!" అనెను. నేను లండను కథ చెప్పితిని. ఆమె మారుపలుకలేదు. కొంతసేపటికి తానే మా చెంబుతో నీళ్ళు నింపి, మాకు పెట్టిన గ్లాసులలో నొకటి తీసికొని వాకిటికి పోయెను.

వీధి ఊడ్చు అమ్మ ఆ గ్లాసును చూచి చేయి వెనుకకు తీసికొన్నది. గోడగూటివైపు చూచి, "నా గ్లాసేదమ్మా?" అని యడిగినది. గడియారము మా లోపలనే కాదు, ఆమె లోపల గూడ పాత కాలమునకే అమర్పబడియున్నది. అమర్చినవారము మేమే. ఆమె ఆ దినము నీళ్ళు త్రాగలేదు. మరునాడును త్రాగలేదు. మూడవనాడు మా ఇల్లాలు తానును వాకిటనే అరుగుపై కూర్చుండి, మొదట తాను త్రాగి, అదే చెంబునుండి ఆమెకు పోసినది. అప్పుడు త్రాగినది.

ఇది ఘనకార్యమని వ్రాయుటలేదు. ఒక గ్లాసు చోటు మారుటకు ఒక ఇంటిలో ఇన్ని తరములు పట్టినదని వ్రాయుచున్నాను. శరణ బంధువులారా, రేపు ఉదయము లింగార్చన ముగిసిన పిమ్మట మీ పెరటిగోడ గూటిని ఒక్కమారు చూడుడు. అచట ఏమియు లేకున్నచో సంతోషము. ఉన్నచో దానిని లోపలికి తెండు. దినమునకొక గంట చొప్పున మన కాలము కల్యాణమును చేరుకొనును గాక.

శరణు శరణార్థి.